వినే ఫోను, చెప్పే యాప్

"చార్జింగ్ నిలవట్లేదమ్మా, ఒకసారి చూడు" అంటూ బాబాయి తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఏప్రిల్ నెల, పొద్దు వాలే వేళ. గుంటూరు జిల్లాలో మా ఊరు. కల్లంలో ఆఖరి కోత మిర్చి ఎండుతోంది. పడమట సన్నగా మబ్బు కమ్ముతోంది. బాబాయి చూపు సగం ఫోన్ మీద, సగం ఆ మబ్బు మీద ఉంది. చినుకు పడిందంటే పరుగెత్తి కాయ మీద పట్టాలు కప్పాలి.

ఫోన్‌లో యాప్‌లు లెక్కపెట్టాను. డెబ్బై నాలుగున్నాయి. బాబాయి రోజూ ముట్టుకునేవి ఆరు: కాల్ చేసే ఫోను, వాట్సాప్, యూట్యూబ్, కెమెరా, డబ్బులు పంపే యాప్, టార్చిలైటు. మిగతావి కొన్ని కొన్నరోజునే షాపులో ఎక్కించి ఇచ్చినవి, కొన్ని మనవడు ఆడుకుంటూ ఎక్కించినవి. ఇంకొన్ని ఎలా వచ్చాయో ఇంట్లో ఎవరికీ తెలీదు.

టార్చిలైటు దగ్గర ఆగాను. రాత్రి కరెంటిచ్చే వేళకు మోటారు వేయడానికి చేలోకి వెళ్తూ దాన్ని వాడతాడు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాని పర్మిషన్లు తెరిచాను. కెమెరా, లొకేషన్, కాంటాక్ట్స్, మైక్ అన్నీ దాని చేతిలో ఉన్నాయి. "అలౌ అని వచ్చింది, నొక్కాను. నొక్కకపోతే వెలగట్లేదు మరి" అన్నాడు బాబాయి. నేను స్క్రీన్‌ను పైనుంచి కిందికి లాగి చూపించాను. అక్కడ వైఫై, బ్లూటూత్ బొమ్మల పక్కనే టార్చి బొమ్మ ఉంది. నొక్కితే వెలిగింది. 2014లో ఆండ్రాయిడ్ 5 వచ్చిన నాటి నుంచీ అది అక్కడే ఉంది.

ఫోన్ వెనక వెలిగే ఆ చిన్న ఎల్ఈడీ దీపం నిజానికి కెమెరా సొత్తు. ఫోటో తీసేటప్పుడు మెరవడానికి పెట్టింది. అందుకే పాత ఫోన్లలో టార్చి యాప్ కెమెరా అనుమతి అడిగితే అర్థముండేది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి అదీ అక్కర్లేదు, దీపం ఒక్కదాన్నే వెలిగించే దారి పెట్టారు. ఇక మనం ఎక్కడున్నామో, మన చుట్టాల నంబర్లేమిటో టార్చికి ఏనాడూ అవసరం లేదు. మరెందుకు అడుగుతుందంటే, 2013 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన ఒక కేసు చూడాలి. బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అనే ఉచిత టార్చి యాప్‌ను అప్పటికి కోట్లసార్లు దించుకున్నారు. వాడేవాళ్లు ఎక్కడున్నారన్న వివరాన్ని, ఫోన్ గుర్తింపు సంఖ్యతో సహా అది ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని కమిషన్ ఆరోపించింది. షరతులకు ఒప్పుకుంటారా లేదా అని స్క్రీన్ మీద అడుగుతున్న ఆ క్షణంలోనే, మనిషి ఏదీ నొక్కకముందే, సమాచారం వెళ్లిపోతోందట. దీపం మనకు ఉచితమే. దాని ధర మన తిరుగుళ్ల చిట్టా రూపంలో ఇంకెవరి నుంచో వసూలైంది.

ఇదెలా సాధ్యమో తెలియాలంటే ఫోన్ లోపలి ఏర్పాటు కాస్త చూడాలి. మన పట్నాల్లో పెద్ద ఇంటిని పోర్షన్లు చేసి అద్దెకిస్తారు కదా, ఆండ్రాయిడ్ అలాంటి ఇల్లు. దాని పునాది లైనక్స్. ఒకే కంప్యూటర్ మీద నలుగురు పనిచేస్తున్నా ఒకరి ఫైళ్లు ఇంకొకరు చూడకుండా లైనక్స్ మనిషికో గుర్తింపు సంఖ్య ఇస్తుంది. ఆండ్రాయిడ్ తయారుచేసినవాళ్లు ఆ సంఖ్యను మనుషులకు బదులు యాప్‌లకు ఇచ్చారు. ఎక్కించిన ప్రతి యాప్‌కూ ఒక సంఖ్య, ఒక పోర్షను, దానికో తాళం. వాట్సాప్ గదిలో ఏముందో ఆటల యాప్‌కి కనపడదు. కెమెరా, మైకు, లొకేషన్, కాంటాక్ట్స్, మెసేజ్‌లు మాత్రం ఇంటి యజమాని దగ్గర ఉంటాయి. కావలసిన యాప్ వచ్చి అడిగితే యజమాని తాళంచెవి ఇవ్వాలి. ఆ యజమాని మనమే. 2015కి ముందు యాప్ ఎక్కించేటప్పుడే అది అడిగినవన్నీ కలిపి ఒకేసారి ఒప్పుకోవాల్సి వచ్చేది. ఆండ్రాయిడ్ 6 నుంచి ఒక్కొక్కటీ అవసరమైనప్పుడు విడివిడిగా అడుగుతుంది. ఇచ్చింది వెనక్కి తీసుకోవచ్చు కూడా.

అయితే వీధి గుమ్మానికి మాత్రం కాపలా లేదు. ఇంటర్నెట్ వాడుకునే అనుమతిని ఆండ్రాయిడ్ మనల్ని అడగదు, యాప్ కోరితే చాలు, ఇచ్చేస్తుంది. నేను చెప్పదలచుకున్న విషయమంతా ఇక్కడే ఉంది. మైకు వినడానికి అడుగుతారు, లొకేషన్ తెలుసుకోవడానికి అడుగుతారు, విన్నదాన్ని బయటికి మోసుకెళ్లడానికి మాత్రం అడగరు. కాబట్టి యాప్‌ను ఎంచుకునేటప్పుడు ఇది నాకేం చేసిపెడుతుంది అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఇది ఏం వింటుంది, ఎవరికి చెబుతుంది అని కూడా అడగాలి.

వినడమంటే ఏమిటో జీపీఎస్‌ను చూస్తే తెలుస్తుంది. లొకేషన్ ఆన్ చేయగానే ఫోన్ ఆకాశానికి కబురు పంపుతుందనీ, ఉపగ్రహం మనల్ని వెతికి పట్టుకుంటుందనీ చాలామంది అనుకుంటారు. అలా కాదు. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలకు మనమున్నట్టే తెలియదు. ఒక్కొక్కటి తన అణు గడియారం చూసుకుంటూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని ఎడతెగకుండా చెబుతూ ఉంటుంది. ఆ మాట రేడియో తరంగంగా కాంతి వేగంతో నేలకు దిగడానికి సెకనులో వందో వంతులు దాదాపు ఏడు పడుతుంది. ఎంత ఆలస్యంగా వినిపించిందో ఫోన్ లెక్కకట్టి ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తేలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మనమున్న చోటు తేలాలి. కానీ ఫోన్‌లో అణు గడియారం లేదు. మామూలు గడియారం సెకనులో పది లక్షల వంతు తప్పినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది. ఆ తప్పును సరిదిద్దడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం చెప్పినట్టు ఆ ఎత్తున గడియారాలు నేల మీది వాటికంటే రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. దాన్ని ముందే సర్ది పంపకపోతే ఒక్కరోజులోనే లెక్క పది కిలోమీటర్ల పైగా తేలిపోయేది.

ఇంత లెక్కా ఫోన్ వింటూనే చేస్తుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. నెట్ లేకపోయినా, సిమ్ తీసేసినా జీపీఎస్ పనిచేయడానికి కారణం అదే. కాకపోతే నెట్ ఉంటే ఏ ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలుస్తుంది కనుక చోటు త్వరగా చిక్కుతుంది. నల్లమలలో సిగ్నల్ పోయినప్పుడు కూడా ముందే దించుకున్న మ్యాప్ ఉంటే దారి తప్పం. గూగుల్ మ్యాప్స్‌లో కావలసిన ప్రాంతాన్ని వైఫై ఉన్నచోట దించుకోవచ్చు. 2004లో మొదలై స్వచ్ఛంద సేవకులు గీస్తూ వస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ అయితే మొదటినుంచీ నెట్ లేకుండా వాడడానికే తయారైంది. ఉన్న చోటు తెలుసుకునేది ఫోను. దాన్ని ఊరంతా చాటేది, చాటదలచుకుంటే, యాప్.

బాబాయి ఫోన్‌లో లేని యాప్ ఒకటి ఎక్కించాను. దాని పేరు దామిని. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ ఐఐటీఎం తయారుచేసింది, పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. దాని లెక్క జీపీఎస్‌కు అద్దంలో బొమ్మ. చిన్నప్పుడు ఉరుములు మెరుపులు మొదలైతే విజయవాడ ఆకాశవాణి వార్తల మధ్య గరగరమని రేడియో చిటపటలాడేది గుర్తుందా? ఆ గరగర పిడుగుదే. మెరుపు మెరిసినప్పుడల్లా వెలుగుతోపాటు బలమైన రేడియో తరంగం కూడా పుట్టి అన్ని వైపులకూ పోతుంది. ఐఐటీఎం దేశంలో ఎనభైకి పైగా చోట్ల పెట్టిన సెన్సర్లు ఆ గరగర కోసమే చెవి ఒగ్గి ఉంటాయి. ఒకే మెరుపు తాలూకు తరంగం ఒక సెన్సరుకు ముందు, ఇంకోదానికి కొన్ని మైక్రోసెకన్లు వెనక చేరుతుంది. ఆ తేడాలను బట్టి మెరుపు ఎక్కడ పుట్టిందో తేలుతుంది. జీపీఎస్‌లో పలు ఉపగ్రహాలు చెబుతుంటే ఒక ఫోను వింటుంది. ఇక్కడ ఒక పిడుగు చెబుతుంటే పలు చెవులు వింటాయి.

పిడుగులు మనకు 20 కిలోమీటర్ల లోపల పడుతున్నాయా, 40 లోపలా అని దామిని చెబుతుంది. మబ్బులు ఎటు కదులుతున్నాయో తెలిస్తే కూలీలను ముందే ఇంటికి పంపొచ్చు. ఇది చిన్న విషయం కాదు. జాతీయ నేర గణాంకాల బ్యూరో లెక్క ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలోనే దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. వరద, వడదెబ్బ, చలి వేటికవి చూస్తే ఏదీ అంతమందిని తీసుకోలేదు. చేలల్లో, కల్లాల్లో, గొర్రెల వెంట ఉన్నవాళ్లకే ఆ ముప్పు ఎక్కువ. కాయ తడుస్తుందని పట్టా పట్టుకుని ఆరుబయట పరుగెత్తే బాబాయిలాంటి వాళ్లే. యాప్ లేనివాళ్లకు పాత లెక్క ఉండనే ఉంది: మెరుపు కనపడ్డాక ఉరుము వినపడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్లలోపు ఉరిమిందంటే పని ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి, చెట్టు కిందికి పోకూడదు.

దామిని లొకేషన్ అడిగింది. బాబాయి నా మొహం చూశాడు, టార్చికి తీసేసి దీనికి ఇవ్వమంటావేం అన్నట్టు. మనమెక్కడున్నామో తెలియకుండా పిడుగు మనకెంత దూరమో ఎలా చెబుతుంది? పనికీ అడిగినదానికీ పొంతన కుదిరింది, ఇచ్చాం.

కానీ ఆ ఫోన్‌లో దామినిని చంపే యాప్‌లు కూచుని ఉన్నాయి. క్లీనర్, బూస్టర్ అని పేర్లు పెట్టుకున్నవి మూడున్నాయి. చార్జింగ్ ఎక్కడికి పోతోందో బ్యాటరీ సెట్టింగ్స్‌లో చూస్తే స్క్రీన్ తర్వాతి స్థానం వాటిలో ఒకదానిదే. ఇవి చేసే పనేమిటంటే, వెనక మెమరీలో ఉన్న యాప్‌లన్నిటినీ మూసేసి "ఇంత ఖాళీ అయింది" అని గుండ్రటి బొమ్మ గిర్రున తిప్పి చూపిస్తాయి. చూడ్డానికి బాగుంటుంది. అయితే ఆండ్రాయిడ్ ఆ యాప్‌లను మెమరీలో ఉంచింది మరిచిపోయి కాదు, మళ్లీ తెరిచినప్పుడు చప్పున రావాలని. చోటు చాలకపోతే పాతవాటిని అదే తీసేస్తుంది. అట్టుకూ అట్టుకూ మధ్య పొయ్యి ఆర్పి, పెనం చల్లారాక మళ్లీ వెలిగించే మనిషిని గ్యాసు ఆదా చేస్తోందని ఎవరూ అనరు. మూసిన యాప్‌ను మొదటినుంచి తెరవడానికి ప్రాసెసర్ ఎక్కువ కష్టపడాలి, అంత బ్యాటరీ కావాలి. పైగా ఈ క్లీనర్ ఆగి ఆగి లేస్తూ ప్రకటనలు దించుకుంటూ ఉంటుంది. దామినిలాంటి వాటిని వెనక నిలవనివ్వకపోతే హెచ్చరిక రావలసిన వేళకు రాదు. మూడింటినీ తీసేశాను. దామినికి నోటిఫికేషన్ అనుమతి ఇచ్చి, బ్యాటరీ పొదుపు దాన్ని ఆపకుండా సెట్ చేశాను.

చార్జింగ్ తినేది యాప్‌లే అనుకోవడమూ సగమే నిజం. బాబాయి చేలో సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. టవర్ దూరమైతే ఫోన్ గొంతు పెంచి అరవాలి, అంటే ఎక్కువ శక్తితో ప్రసారం చేయాలి. అది బ్యాటరీని తాగేస్తుంది. దానికి ఏ యాప్ మందూ లేదు. ఎండలో ట్రాక్టర్ మీద ఫోన్ వదిలేయకుండా ఉంటే మాత్రం మేలు. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి పడదు. వేడికి లోపలి రసాయన చర్యలు పెడదారి పట్టి, బ్యాటరీ తన సామర్థ్యాన్ని పట్టుకోలేక ఏడాదికేడాది తగ్గిపోతుంది.

ఇక డబ్బులు పంపే యాప్. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలైనప్పుడు ఊళ్లో కిరాణా కొట్టు దాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఇది ఎస్సెమ్మెస్ అనుమతి అడిగితే బాబాయి భయపడుతూ ఇచ్చాడట. ఇక్కడ భయం అక్కర్లేదు. ఖాతాకు జోడించిన సిమ్ నిజంగా ఈ ఫోన్‌లోనే ఉందని బ్యాంకుకు రుజువు కావాలి. అందుకే యాప్ ఎక్కించినప్పుడు మన సిమ్ నుంచి ఒక మెసేజ్ తనంతట తానే వెళ్తుంది. పిన్ కొట్టే పేజీ కూడా ఆ యాప్‌ది కాదు. ఏ యాప్ వాడినా యూపీఐని నడిపే జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ ఇచ్చిన పేజీయే తెరుచుకుంటుంది, అక్కడే పిన్‌కు రహస్య లిపి పడుతుంది. పిన్ కొడితే మన ఖాతాలోంచి డబ్బు బయటికి పోతుంది. రావలసిన డబ్బు కోసం పిన్ కొట్టమని ఎవరన్నా చెప్పారంటే వాళ్లు దొంగలే.

అదే ఎస్సెమ్మెస్ అనుమతి వేరేవాళ్ల చేతిలో పడితే ఇల్లు గుల్లవుతుంది. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ పేరుతోనో, బండి చలానా పేరుతోనో, రైతు పథకం పేరుతోనో ఒక ఫైలు వస్తుంది. చివర ఏపీకే అని ఉంటుంది. అది కార్డు కాదు, యాప్. నొక్కితే ఎక్కుతుంది, ఎక్కగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది. ఇస్తే బ్యాంకు పంపిన ఓటీపీ మన కళ్లబడే లోపే దొంగకు చేరుతుంది. 2018లో గూగుల్ తన ప్లే స్టోర్‌లో మెసేజ్‌ల అనుమతికి కట్టుదిట్టాలు పెట్టింది. మెసేజ్‌ల పనే చేసే యాప్‌లకు, ఇంకొన్ని మినహాయింపులకు తప్ప ఇవ్వకూడదంది. కాబట్టి దొంగ స్టోర్ గుమ్మం తొక్కకుండా వాట్సాప్ కిటికీలోంచి వస్తున్నాడు. అలా వచ్చిన ఫైలును ఎవరు పంపినా, సొంత చెల్లెలి నంబరు నుంచి వచ్చినా, తెరవకండి. చెల్లెలి ఫోన్ ముందే వాళ్ల చేతికి పోయి ఉండొచ్చు. పొరపాటు జరిగితే ముందు ఫోన్ నెట్ ఆపి, ఇంకో ఫోన్ నుంచి వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి చేయాలి.

కాంటాక్ట్స్ పోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లకు 2020 చివరి నెలలు గుర్తుచేయాలి. అప్పుడు మన రెండు రాష్ట్రాల్లో చిటికెలో అప్పు ఇచ్చే యాప్‌లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఐదారు వేలు అప్పిచ్చేముందు కాంటాక్ట్స్, ఫోటోలు చూసే అనుమతి తీసుకున్నాయి. వాయిదా తప్పగానే అప్పుచేసిన మనిషిని దొంగ అని రాసి వాళ్ల చుట్టాలకు, ఆఫీసువాళ్లకు, ఫోన్‌లో పేరున్న ప్రతివాళ్లకూ పంపారు. ఆ పరువు పోవడం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు తెచ్చి, అప్పుల యాప్‌లు కాంటాక్ట్స్, కాల్ చిట్టా, ఫోటోలు, ఫైళ్లు ముట్టుకోకూడదంది. కెమెరా, మైకు, లొకేషన్ మాత్రం ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి, మన ఒప్పుదలతో వాడుకోవచ్చు. బాబాయి ఫోన్‌లో ఎప్పుడూ తెరవని అప్పుల యాప్ ఒకటుంది. అందులో కాంటాక్ట్స్ ఆన్‌లో ఉంది. తీసేస్తుంటే నా చేయి కాస్త వణికింది.

అన్నిటికంటే పెద్ద తాళంచెవి ఇంకోటుంది, యాక్సెసిబిలిటీ. చూపులేనివాళ్ల కోసం పుట్టింది. టాక్‌బ్యాక్ ఆన్ చేస్తే వేలు పెట్టినచోట ఏముందో ఫోన్ తెలుగులోనే చదివి వినిపిస్తుంది. అలా చదవాలంటే స్క్రీన్ మీద ఉన్నదంతా చూడగలగాలి, మన బదులు బటన్లు నొక్కగలగాలి. వాళ్లకు అది కన్ను. అదే అనుమతిని వాల్‌పేపర్ యాప్ అడిగిందంటే మన కళ్లెదుటే మన ఫోన్‌ను వేరొకరు నడపబోతున్నారని అర్థం. కీబోర్డు సంగతీ ఇంచుమించు అంతే. మనం కొట్టే ప్రతి అక్షరం దాని మీదుగానే పోతుంది. తెలుగులో రాయడానికని బొమ్మలు, రంగులు చూసి ఏదో కీబోర్డు ఎక్కించుకునేవాళ్లు, ఆన్ చేసేటప్పుడు ఫోన్ చూపించే హెచ్చరికను ఒకసారి ఆగి చదవాలి. పాస్‌వర్డ్‌లతో సహా ఇది సేకరించవచ్చు అని అందులోనే రాసి ఉంటుంది.

బాబాయి అప్‌డేట్ అని వచ్చినప్పుడల్లా డేటా అయిపోతుందని మూసేస్తుంటాడు. ఆయనకు మన అక్షరం కథ చెప్పాను. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక సంకేతం చేరిన వరుసలో మెసేజ్‌గా వస్తే, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలిపోయేది, మళ్లీ తెరిచినా తెరుచుకునేది కాదు. ఒత్తు, గుణింతం కలిసిన ఆ ఆకారాన్ని ఎలా పేర్చాలో సాఫ్ట్‌వేర్‌కు తోచలేదు. కొద్దిరోజుల్లోనే ఆపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. ఏ దురుద్దేశమూ లేని ఒక్క అక్షరానికే అంత జరిగితే, కావాలని లోపాలు వెతికేవాళ్లకు తలుపు తెరిచి ఉంచడం ఎంత ప్రమాదం! "జ్ఞానంలో జ్ఞానా?" అని బాబాయి చాలాసేపు ఆశ్చర్యపోయాడు. ఆ రాత్రి నా ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇచ్చి అప్‌డేట్ పెట్టాం.

డెబ్బై నాలుగులో ఇరవై ఒకటి మిగిలాయి. దామినితోపాటు మేఘదూత్ చేర్చాను. వాతావరణ శాఖ, ఐఐటీఎం, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి 2019లో తెచ్చిన యాప్ అది. వారంలో రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, జిల్లా వాతావరణాన్ని బట్టి పంటల సలహాలిస్తుంది. డిజిలాకర్‌లో ట్రాక్టర్ ఆర్సీ, లైసెన్సు పెట్టాం. ఫోన్ ఇప్పుడు రాత్రి పడుకునేదాకా నిలుస్తోందట.

జూన్‌లో ఒకరోజు బాబాయి ఫోన్ చేశాడు. పిన్ని పంచాంగం యాప్ ఎక్కించమంటే ఎక్కించాడట. "లొకేషన్ అడిగిందమ్మా. ఇవ్వొచ్చా?" ఇవ్వొచ్చు బాబాయ్, అన్నాను. రాహుకాలం, దుర్ముహూర్తం సూర్యోదయాన్ని బట్టి కడతారు, సూర్యోదయం ఊరును బట్టి మారుతుంది, డాలస్‌లో ఉన్న మనవాళ్లు విజయవాడ పంచాంగం చూస్తే కుదరదు. కానీ కచ్చితమైన చోటు అక్కర్లేదు, 'అప్రాక్సిమేట్' అని ఉంటుంది, అది నొక్కు. అలా ఇస్తే యాప్‌కు రెండుమూడు చదరపు కిలోమీటర్ల మేరకే తెలుస్తుంది. తూర్పుకో పడమరకో రెండు కిలోమీటర్లు జరిగితే పొద్దుపొడుపులో ఐదు సెకన్ల తేడా కూడా రాదు.

"అది నొక్కాను. ఆ తర్వాత కాంటాక్ట్స్ అడిగింది" అన్నాడు. నేను జవాబు చెప్పబోయాను. ఆయన ఆగలేదు. "పంచాంగానికి మన చుట్టాల నంబర్లతో పనేంటి అని, యాప్ తీసేశాను. పిన్నికి పుస్తకం కొనిచ్చాను."